తుపాకికి పెట్టిన నైవేద్యం

మా అత్త అక్కమ్మకు చదువు రాదు. వేలిముద్ర వేయమంటే బొటనవేలిని కొంగుతో తుడుచుకొని, ఒకసారి చూసుకొని, ఆ తర్వాతనే కాగితం మీద పెట్టేది. అట్లాంటి మనిషి తుపాకి లైసెన్సులో ఉండే షరతులన్నీ మొదటి నుంచి చివరి దాకా తడుముకోకుండా అప్పజెప్పేది. ఎందుకు నేర్చుకునిందంటే, ఒక తుపాకి ఆమె కొడుకును తినింది. ఆ కొడుకు నా మొగుడు. ఆయన పేరు నేను నోటితో పలకను. రాయడానికి తప్పులేదు కాబట్టి రాస్తాండాను. తిప్పయ్య.

మాది చిలమత్తూరుకు పడమర ఒక పల్లె. గుట్ట కింద ఎర్రనేల, నేల నిండా రాళ్లు. వాన పడితే సెనక్కాయ, పడకపోతే ఏమీ లేదు. కాయ ఊరే కాలానికి గుట్టమీది అడవిపందులు దిగి సాళ్లకు సాళ్లు తవ్వి పోసేవి. ఊరంతటికీ తుపాకి ఒక్కరింట్లోనే ఉండేది, గోవిందప్ప ఇంట్లో. పైరు కాపాడుకోనికి సర్కారు ఇచ్చిన లైసెన్సు తుపాకి. గొట్టంలో నల్లమందు పోసి, గుడ్డపీలిక కుక్కి, సీసపు గుండ్లు వేసి, ఇనుపకడ్డీతో దట్టించి, వెనక నిప్పురవ్వ పుట్టించే కేపు పెట్టి కాల్చే రకం.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఆయుధపూజనాడు నాగళ్లు, పారలు, కొడవండ్లు, తుపాకి అన్నీ కడిగి గోడకు వరసగా ఆనించి, అన్నిటికీ కలిపి ఒకటే పొడుగాటి బంతిపూల దండ వేసేవాళ్లు. మనుషులకు ఓళిగలు, తుపాకికి మందు. కడుపు ఖాళీగా ఉండే ఆయుధానికి బొట్టు పెట్టగూడదని వాళ్ల నాయన చెప్పిపోయినాడంట. అందుకని దాని నైవేద్యం దానికి పెట్టాల. మందు, గుండ్లు దట్టించి, కేపు గూడా పెట్టేవాళ్లు. మరుసటి పొద్దు దశమినాడు చేనికి ఎత్తుకపోయి ఆకాశానికి కాల్చి కడుపు ఖాళీ చేసేవాళ్లు. ఆ చప్పుడు వినబడితే ఆడవాళ్లం పండగ అయిపాయ అనుకొని పనుల్లో పడేవాళ్లం.

యాభైఆరో సంవత్సరం పూజ అయిన సాయంత్రం గోవిందప్ప చుట్టాల ఇంటికి చిలమత్తూరు పోయినాడు. దశమి పొద్దున ఎవరూ కాల్చలేదు. ఆయన లేకుండా దాన్ని ముట్టుకోకూడదని ఇంట్లోవాళ్లు అట్లే వదిలేసినారు. మా ఆయన వాళ్ల చేను కోరుకు, పంటలో పాలుకు, దున్నేవాడు, మా నాగలి గూడా వాళ్ల పూజలోనే ఉండాది. ఏకాదశినాడు పొద్దున్నే దాన్ని తెచ్చుకోనికి పోయినాడు. నాగలి ఎత్తి భుజానికి వేసుకున్నాడు. దండలో పూలు వాడిపోయినాయి గానీ లోపల పురికొస గట్టిగానే ఉండాది. నాగలితో దండ లేచింది, దండతో తుపాకి వచ్చింది. వచ్చి బండమీద పడింది.

నేను ఆ పొద్దు జొన్నలు విసురుతాండాను. చప్పుడు విన్నాను. ఆలస్యంగానన్నా కాల్చినారులే అనుకున్నాను. తిరగలి ఆపలేదు. ఇప్పటికీ ఎక్కువ ఏడిపించేది అదే. నేను విసురుతానే ఉన్నాను.

పోలీసులు వచ్చేటప్పటికి గోవిందప్ప గూడా వచ్చినాడు. ఆయన చెప్పింది ఇదీ. తిప్పయ్య ఇంట్లో ఎవరూ లేనప్పుడు తుపాకి తీసి, తానే మందు కూరి, చేష్ట చేస్తాంటే పేలిపోయింది. ఇద్దరు సాక్షులు అదే చెప్పినారు. పంచనామాలో అదే రాసుకున్నారు. నా మొగుడు చచ్చిపోయిందే కాక, తన చావుకు తానే కారణమని కాగితంలోకి ఎక్కినాడు. నాలుగు నెలలకు ఆ తుపాకి నూనె పూసుకొని మళ్లీ వాళ్లింటికి వచ్చింది.

మా అత్త తమ్ముడు సుబ్బన్న తాడిపత్రిలో రాళ్లు కోసే పని చేసేవాడు. తుపాకి తిరిగొచ్చిన సంగతి తెలిసి వచ్చి పండ్లు నూరినాడు. "అక్కా, నువ్వు ఊ అను. వాని గడ్డివామి కాల్చేసి పోతా."

"గడ్డి ఏం చేసెరా పాపం," అనింది మా అత్త. "నువ్వు కాల్చినావంటే నువ్వు ముద్దాయి అయితావు, వాడు సాక్షి అయితాడు. వాడు సాక్షిగా ఉండింది చాలు. వాడు ముద్దాయి కావాల."

ఆ పొద్దే నాతో ఒక మాట అనింది. "లచ్చిమీ, ఆ తుపాకి వాని ఇంట్లోంచి బయటికి రావాల. వచ్చి నా గోడకు తగలాల. నా కొడుకు దాన్ని కూరలేదని వాని నోటితోనే వాడు చెప్పాల. అంతవరకూ నేను సావను. నువ్వు ఏడవద్దు. ఏడిస్తే కోపం కరిగిపోతాది."

నేను ఆమె లేనప్పుడు ఏడ్చేదాన్ని. ఆమె మాత్రం ఏడవలేదు.

లైసెన్సు ప్రతి సంవత్సరం డిసెంబరులో తాలూకా కచేరికి తీసుకపోయి కొత్తది చేయించుకోవాల. తుపాకి గూడా తీసుకపోయి చూపించాల. తుపాకి ఇంటికొచ్చిన ఏడాది డిసెంబరులో గోవిందప్ప దాన్ని భుజాన వేసుకొని బయలుదేరినాడు. మా అత్త పది బారల ఎడం పెట్టుకొని ఆయన వెనక నడిచింది. నేను ఆమె వెనక. ఏడు మైళ్లు. రెండో మైలు దగ్గర గోవిందప్ప నిలబడి తిరిగి చూసినాడు.

"ఏంది పెద్దమ్మా, నా ఎనకాల పడినావు?"

"దారి సర్కారుది కదప్పా. నీ పేరున లైసెన్సేమన్నా ఉండాదా దీనికి గూడా?"

ఆయన గబగబా నడిచినాడు. ఈమె గూడా గబగబా నడిచింది. ఆయన చెట్టు కింద కూర్చుంటే ఈమె పది బారల దూరంలో కూర్చునింది. కచేరిలో గుమాస్తా తుపాకి మీది నంబరు చూసి, పుస్తకంలో ముద్ర వేసి ఇచ్చేసినాడు. అంతే. మా అత్త కిటికీలోంచి అంతా చూసింది.

కచేరి ముందర వేపచెట్టు కింద రేకుపెట్టె పెట్టుకొని అర్జీలు రాసే అబ్దుల్ గఫూర్ సాబు ఉండేవాడు. మా అత్త పోయి ఆయన ముందర చతికిలబడింది. "సాబూ, పగ తీర్చుకోవాల. అర్జీ రాయి."

ఆయన కలం కింద పెట్టినాడు. "పగ అని రాయమంటే రాయనమ్మా. కచేరి కాగితంలో దానికి గడి లేదు. ఆయన ఏ రూలు తప్పినాడో చెప్పు, అది రాస్తా."

"రూలు ఏముండాదో నాకేం తెలుసు?"

"తెలుసుకో మరి. తుపాకి ఉన్నోడికంటే నీకే ఎక్కువ తెలియాల, అప్పుడు కదా అర్జీ నిలిచేది."

ఆయన చెప్పినాడు. లైసెన్సు ఎవరి పేరున ఉంటే వాళ్లే దాన్ని పట్టుకోవాల, వేరే చేతికి ఇయ్యగూడదు. పైరు కోసం ఇచ్చింది పైరు కాడనే వాడాల, సర్వే నంబరు గూడా రాసి ఉంటాది. పెండ్లికీ జాతరకూ సంతకూ ఎత్తుకపోకూడదు. ఇంట్లో ఉన్నంతసేపూ కడుపు ఖాళీగా ఉండాల, మందు వేరే చోట, కేపులు వేరే చోట. పోగొట్టుకుంటే వెంటనే స్టేషన్లో చెప్పాల. లైసెన్సుదారుడు సస్తే ఇంట్లోవాళ్లు దాన్ని స్టేషన్లో ఒప్పగించి రసీదు తీసుకోవాల. మా అత్త దారి పొడుగునా అవే గొణుక్కుంటా వచ్చింది. ఒకటి మరిచిపోతే నిలబడి నన్ను అడిగేది.

"ఇంకొకటి," అన్నాడు గఫూర్ సాబు మేము లేచేటప్పుడు. "ప్రతి మాటకూ ఒక తేదీ ఉండాల. తేదీ లేనిది బావి కాడ చెప్పుకొనే మాట."

నేను నాలుగో తరగతి దాకా చదివినాను. ఇంట్లో రాయనికి ఉన్నది పంచాంగం ఒకటే. ఏ తిథినాడు ఏమి జరిగితే ఆ తిథి పక్కనే చిన్న అక్షరాలతో రాసుకున్నాను. మాఘ బహుళ తదియ, వాళ్ల మేనకోడలి పెండ్లి ఊరేగింపులో తుపాకి కాల్చినాడు. చైత్ర శుద్ధ పంచమి, బావమరిది చేతికి ఇచ్చి కుందేళ్లకు పంపినాడు. అర్జీలు పోయినాయి. గుమాస్తా "సాక్షి ఎవరు?" అనేవాడు. గోవిందప్ప చేండ్లల్లో కూలికి పోకుండా ఊర్లో పొయ్యి వెలిగే ఇల్లు ఎన్ని? ఎవరూ సాక్షి చెప్పలేదు. ముద్ర పడేది. మేము వెనక్కి నడిచేవాళ్లం.

అట్లా ఐదు డిసెంబర్లు నడిచినాం. గోవిందప్పకు అది ఊర్లో నగుబాటు అయింది. "వచ్చిందా నీ పెండ్లాము ఎనకాల?" అని ఎవరన్నా ఎకసెక్కం చేస్తే తల దించుకొనేవాడు. మా అత్తకు అది చాల్లేదు.

మా ఆయన చచ్చిపోయినాక గోవిందప్ప ఇంట్లో ఒకటి మానుకున్నారు, ఒకటి మానుకోలేదు. దశమినాడు ఆకాశానికి కాల్చేది మానుకున్నారు. పండగపూట ఆ చప్పుడు వినలేనని గోవిందప్ప పెండ్లాము అనిందంట. కూరేది మాత్రం మానలేదు. వాళ్లింట్లో కసువు ఊడ్చే మారెమ్మ ప్రతి సంవత్సరం వచ్చి చెప్పేది. "ఈ సారి గూడా దానికి తినిపించినారక్కా." పూజకు కూరిన మందు అట్లే ఉండేది. తర్వాత మొదటి పంది దిగిన రోజు దానిమీద కాల్చేవాళ్లు.

అరవైరెండులో వాన రాలేదు. విత్తిన గింజ మొలిచి ఎండిపాయ. చెట్టుకు కాయ లేదు. కాయ లేకుంటే పంది రాదు. ఆ ఏడు ఆయుధపూజ అయినాక మా అత్త రోజూ అరుగు మీద గుట్ట తట్టు చెవి పెట్టుకొని కూర్చునేది. పొద్దు గూకినాక లోపలికి వచ్చి, "రాసుకో" అనేది. నేను పంచాంగంలో ఆ తిథి పక్కన రాసేదాన్ని: పేలలేదు.

పేలలేదు. పేలలేదు. పేలలేదు. ఆశ్వయుజం అయిపాయ, కార్తీకం అయిపాయ. మార్గశిరంలో గోవిందప్ప తుపాకి భుజాన వేసుకొని కచేరికి బయలుదేరినాడు. మా అత్త ఆ పొద్దు ఉతికిన చీర కట్టుకునింది. దారిలో ఆయనకు పది బారల ఎడం కాదు, ఇరవై బారల ఎడం పెట్టింది. "ఎందుకత్తా ఇంత దూరం?" అంటే, "దాని కడుపులో ఉండాదే, జారిపడినాడంటే మనకు తగులుతాది" అనింది. అనేసి నవ్వింది. ఆరేండ్లల్లో ఆమె నవ్వడం నేను చూసింది అదే.

ఆ సంవత్సరం కొత్త చట్టం వచ్చిందని, కొత్తగా వచ్చిన అధికారి తుపాకులు తానే చూస్తాండాడని గఫూర్ సాబు చెప్పినాడు. మా అత్త పిలవకనే లోపలికి పోయి వాకిలి పక్కన నిలబడింది. బంట్రోతు బయటికి పొమ్మన్నాడు.

"పోతానప్పా. ఒక్క మాట చెప్పి పోతా. దొరా, ఆ తుపాకి నోట్లో కడ్డీ పెట్టి చూడండి. సగంలో నిలబడిపోతే నన్ను కూర్చోబెట్టండి. అడుగు దాకా పోతే నేను మళ్లీ ఈ గడప తొక్కను."

అధికారి ఆమెను చూసినాడు, గోవిందప్పను చూసినాడు. గోవిందప్ప మొహం అప్పటికే సున్నం కొట్టినట్లయింది. బంట్రోతు తుపాకి కిందనే ఉండే ఇనుపకడ్డీ లాగి గొట్టంలోకి దింపినాడు. జానెడు బయటే నిలబడిపోయింది. లోపల మెత్తగా ఏదో తగిలిన చప్పుడు. గుమాస్తా కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఐదేండ్లు ముద్ర వేసిన చెయ్యి బల్ల కిందికి పోయింది.

"కేపు తీసేసినాను దొరా," అన్నాడు గోవిందప్ప.

"కూరిన తుపాకి కచేరికి తెచ్చినావు. ఎప్పుడు కూరినావు?"

"ఆయుధపూజకు దొరా. మా ఇంటి ఆచారం. మా నాయన కాలం నుంచి పూజకు కూరకుండా ఉండింది లేదు."

మా అత్త గొంతు పెంచలేదు. "దొరా, ఆ మాట రాసుకోండి. ఏ సంవత్సరమూ కూరకుండా ఉండలేదంట. యాభైఆరులో గూడా కూరింది వాళ్లే అన్నమాట. నా కొడుకు కాదు."

  తాను ఏం చెప్పినాడో అప్పుడు తెలిసింది గోవిందప్పకు. నేను పంచాంగం ఇచ్చినాను. అధికారి తిరగేసి చూసి, పాత పంచనామా తెప్పించమన్నాడు. గుమాస్తా అదంతా కాగితం మీద పెట్టి చదివి వినిపించినాడు, గోవిందప్ప సంతకం చేసినాడు.  నేను ఆ వేళ్లనే చూస్తాండాను. అవి కాగితం మీద పేరు రాసినంతసేపూ నాకు హాయిగా ఉండాది. దాచిపెట్టను.

ఆయన లైసెన్సు పాయ. ఆ తర్వాత విచారణ జరిగింది, ఆయన జరిమానా కట్టినాడు, తుపాకి జప్తు అయింది. జైలుకు పోలేదు. మా అత్త దానికేమీ బాధపడలేదు. "జైల్లో పడితే నా కంటికి కనపడడు," అనింది.

జప్తు అయిన తుపాకులు ఏలం వేసినప్పుడు లైసెన్సు ఉన్నోళ్లే పాడుకోవాలని గఫూర్ సాబు చెప్పినాడు. మా అత్త వెంటనే తన పేరున అర్జీ రాయమనింది. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, ఆడమనిషికి..."

"రూల్లో మగోడు అని రాసుండాదా?"

ఆయన పుస్తకం తిరగేసినాడు. "లేదు."

"మరి రాయి."

విచారణకు మా అత్తను అధికారి ముందర నిలబెట్టినారు. తుపాకి ఇస్తే ఎట్లా పెట్టుకుంటావు ముసలమ్మా అని అడిగినాడంతే. మా అత్త మొదలుపెట్టింది. ఎవరి చేతికీ ఇయ్యను, గట్టు దాటి కాల్చను, ఇంట్లో ఖాళీగా పెడతా, మందు ఒక చోట, కేపులు ఒక చోట. ఆయన చాలు చాలు అన్నా ఆపలేదు. సస్తే నా కోడలు స్టేషన్లో ఒప్పగిస్తాదని చెప్పి ముగించింది. మా చేను సర్వే నంబరు మీద లైసెన్సు వచ్చింది. కాళ్ల కడియాలు ఇచ్చి ఏలంలో ఆ తుపాకినే పాడుకునింది. వేరేది తక్కువకు వస్తాదన్నా వినలేదు.

గఫూర్ సాబు తమ్ముడు ఖాజా పీర్ తుపాకులు బాగుచేసేవాడు. ఆయన మా చేన్లో నిలబడి ఆమెకు కాల్చేది నేర్పినాడు. నేను చెవులు మూసుకొని కూర్చున్నాను. ఆ చప్పుడు నాకు తిరగలి చప్పుడుతో కలిసి వినబడతాది ఇప్పటికీ.

మా ఇంట్లో మందు వంటింటి పక్కన మూత బిగించిన కుండలో ఉండేది. కేపులు ఆమె నడుముకు కట్టుకున్న సంచిలో. తుపాకి నడిమింటి గోడకు, వాకిలి తెరిస్తే వీధికి కనపడేటట్లు. వాళ్లింటికి పోయేవాళ్లందరూ మా వాకిలి ముందరే పోవాల.

అరవైనాలుగులో వాన పడింది. కాయ బాగా ఊరింది. గుట్ట మీద పందులు గూడా రెండేండ్ల ఆకలితో ఉన్నాయి. పొద్దు గూకే వేళకు దిగేవి. మా అత్త మంచె మీద కూర్చొని మా గట్టు లోపలికి ఏది వస్తే దాని మీద కాల్చేది. ఒక్కటన్నా చచ్చిందో లేదో గానీ మా చేన్లోకి రావడం మానేసినాయి. పక్క చేన్లోకి పోయినాయి. పక్క చేను గోవిందప్పది.

ఒక మధ్యాహ్నం ఆయన వచ్చినాడు. వాకిట్లో నిలబడినాడు, కూర్చోమని మేము అనలేదు.

"పెద్దమ్మా, సగం చేను పాయ. ఒక్క నాలుగు రోజులు మా గట్టు మీదికి వచ్చి కూర్చోరాదా?"

"లచ్చిమీ, ఆ లైసెన్సు తెచ్చి సర్వే నంబరు చదువు."

నేను తెచ్చి చదివినాను.

"విన్నావా గోవిందప్పా? నీ నంబరు ఇందులో లేదు. గట్టు దాటి ఒక్క గుండు వేసినానంటే నా లైసెన్సు పోతాది."

"ఎవరు చూస్తారు పెద్దమ్మా?"

"నేను ఆరేండ్లు నీ ఎనకాల నడిచినానే, నువ్వు నా ఎనకాల నడవవా?"

"పోనీ తుపాకి మా బావమరిదికి నాలుగు పూటలు ఇయ్యి. కాయ పీకేదాకా."

"వేరే చేతికి ఇయ్యగూడదప్పా. నీకు తెలీదా? ఎన్నో ఏండ్ల లైసెన్సుదారుడివి నువ్వు."

ఆయన పోతా పోతా గోడ మీది తుపాకిని చూసినాడు. "మా నాయన కొన్నదది."

"నా కొడుకు నేను కన్నోడు," అనింది మా అత్త.

ఆ సాయంత్రం మంచె కింద నేను గూడా ఉన్నాను. పక్క చేన్లో పందులు కాయ నమిలే చప్పుడు, మట్టి తవ్వే చప్పుడు తేటగా వినిపిస్తాండాది. మా అత్త తుపాకి ఒళ్లో అడ్డంగా పెట్టుకొని, ఆకువక్క వేసుకొని వింటా కూర్చునింది. ఊర్లోవాళ్లు మా మీద దుమ్మెత్తి పోసినారు. మనిషికి అంత కసి పనికిరాదన్నారు. పంచనామాకు సాక్షి చెప్పిన ఇద్దరూ గూడా అన్నారు. నాకు జాలి కలగలేదు. రాయడానికి కూర్చున్నాను కాబట్టి నిజమే రాస్తాండాను. ఆ చప్పుడు వింటాంటే, నేను తిరగలి ఆపకుండా విసిరిన ఆ పొద్దుకు కొంచెం బదులు వచ్చినట్లుండాది.

అరవైఏడులో మా అత్త జ్వరంతో పోయింది. పోయే ముందు నడుము సంచి విప్పి కేపులు నా చేతిలో పెట్టి, "లెక్కలో పదకొండు ఉండాయి, స్టేషన్లో చెప్పు" అనింది. అదే ఆఖరి మాట. దినాలు అయినాక తుపాకి ఎత్తుకొని స్టేషన్‌కు పోయినాను. ఊరు ఊరంతా వాకిళ్లలో నిలబడి చూసింది. గోవిందప్ప పెండ్లాము గూడా చూసింది. ఇంక అది మా ఇంటికి రాదనుకున్నారేమో. రసీదు తీసుకొని, ఆ పొద్దే గఫూర్ సాబు దగ్గర నా పేరున అర్జీ రాయించినాను. ఏడాదికి లైసెన్సూ, దాంతో తుపాకీ వచ్చినాయి.

ఆయుధపూజ మేమూ చేస్తాం. తుపాకి కడిగి, విడిగా పీట మీద పెడతాను. దండ వేయను. బొట్టు పెట్టే ముందర ఇనుపకడ్డీ తీసి గొట్టంలోకి వదులుతాను. అడుగు దాకా పోయి ఖంగుమంటాది. కడుపు ఖాళీ అని తెలుసుకోనికి ఒకసారి వదిలితే చాలు. నేను మూడుసార్లు వదులుతాను, వాకిలి బార్లా తెరిచి, వాళ్లింటికి వినపడేటట్లు.